టెక్ కంపెనీల మీద అజమాయిషీ ఎవరిది?

(న్యాయశాస్త్రం, జర్నలిజం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట తీరును పెద్దగా మార్చకుండా రాతలో పెట్టాం. చివర రెండు ప్రశ్నలు, వాటికి జవాబులు ఉన్నాయి.)

మిత్రులారా, నమస్కారం.

రేషన్ షాపులోనో కూరగాయల మార్కెట్లోనో కాటా మీద చిన్న ముద్ర ఉంటుంది. తూనికలు కొలతల శాఖ వాళ్ళు తనిఖీ చేసి వేసిన ముద్ర అది. కాటా దుకాణదారుడిదే, కొన్నదీ అతనే. కానీ అది సరిగ్గా తూగుతోందని తనకు తానే ముద్ర వేసుకునే హక్కు అతనికి లేదు. తనిఖీకి వచ్చిన మనిషిని "లోపలికి రావద్దు, లెక్క నేనే చెప్తాను" అని గుమ్మంలో ఆపడానికీ లేదు.

మనదాకా ఏ వార్త రావాలి, ఎవరి మాట తొక్కిపెట్టాలి, ఎవరి పేరు మీద రేషన్ కార్డు ఉండాలి, ఎవరి ఫోన్‌లోకి ఎవరు దూరొచ్చు అన్నవి తేలుస్తున్న సాఫ్ట్‌వేర్ మీద ఇవాళ అలాంటి ముద్ర లేదు. అజమాయిషీ సంస్థలు లేవని కాదు, చాలా ఉన్నాయి. వాటిలో ఎంత పెద్దవాళ్ళు కూర్చున్నారన్నది నాకు రెండో ప్రశ్న. కంపెనీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా లోపలికి వెళ్ళి చూడగలరా అన్నది మొదటిది. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు మయన్మార్ సంగతి చెప్పాలి. అక్కడ ఏం జరిగిందో వివరంగా తెలియకపోతే ఈ చర్చ కాగితాల మీద చర్చగానే ఉండిపోతుంది.

సైనిక పాలన కాలంలో అక్కడ సిమ్ కార్డు కొనాలంటే వందల డాలర్లు కావాల్సి వచ్చేది. 2014లో విదేశీ టెలికాం కంపెనీలు అడుగుపెట్టాక అదే సిమ్ ఒకటిన్నర డాలర్‌కు దొరికింది. ఒక్కసారిగా దేశమంతా ఆన్‌లైన్‌లోకి వచ్చింది. చాలామందికి ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్కే. అదే ఏడాది జూలైలో మాండలే నగరంలో ఒక ముస్లిం టీ దుకాణం యజమాని అత్యాచారం చేశాడని ఫేస్‌బుక్‌లో ప్రచారం పాకింది. అల్లర్లు జరిగి ఇద్దరు చనిపోయారు. ఆ ఆరోపణ కట్టుకథ అని తర్వాత తేలింది. అంటే ముందున్నది ఎంత ప్రమాదమో కంపెనీకి 2014లోనే కనబడింది. రాయిటర్స్ 2018లో రాసిన పరిశోధన కథనం ప్రకారం 2015 మొదట్లో బర్మీస్ భాష తెలిసి, ఫిర్యాదు వచ్చిన పోస్టులు చూసే మనుషులు ఫేస్‌బుక్‌లో ఇద్దరంటే ఇద్దరే.

2017 ఆగస్టులో రఖైన్ రాష్ట్రంలో సైన్యం దాడులు మొదలుపెట్టింది. అక్కడి ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాలు 7 లక్షల మందికి పైగా ప్రాణాలు చేతబట్టుకుని బంగ్లాదేశ్ చేరారు. ఊళ్ళకు ఊళ్ళు తగలబడ్డాయి. రోహింగ్యాలను పురుగులతో పోల్చే రాతలు, పాత శవాల ఫోటోలకు కొత్త కథలు అంటించిన పోస్టులు ఏళ్ళ తరబడి ఫేస్‌బుక్‌లో తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో కొన్నిటి వెనక సైన్యం మనుషులే ఉన్నారు. 2018 మార్చిలో ఐక్యరాజ్యసమితి నిజ నిర్ధారణ బృందం అధ్యక్షుడు మార్జుకి దారుస్మాన్, ఈ విద్వేషం పెరగడంలో సోషల్ మీడియాది నిర్ణాయక పాత్ర అన్నారు.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగుతాను. 2017 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ మెసెంజర్‌లో రెండు రకాల సందేశాలు గుంపులు గుంపులుగా వెళ్ళాయి. ముస్లింలు దాడికి వస్తున్నారని బౌద్ధులకు, బౌద్ధులు దాడికి వస్తున్నారని ముస్లింలకు. రెండు వర్గాలనూ ఒకేసారి భయపెట్టే పని. మరుసటి ఏడాది ఒక ఇంటర్వ్యూలో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ ఈ సంగతి ఎత్తి, తమ వ్యవస్థలు దాన్ని పసిగట్టి ఆపాయన్నట్టు చెప్పారు. అది చూసి మయన్మార్ పౌర సంఘాల వాళ్ళు ఆయనకు బహిరంగ లేఖ రాశారు. మీరు చెప్పిన ఆ వ్యవస్థ మేమే అన్నారు. సందేశాలు తిరగడం మొదలైన నాలుగు రోజులకు గానీ విషయం కంపెనీ దాకా పోలేదని, అది కూడా తమకు తెలిసినవాళ్ళ ఈమెయిళ్ళకు రాస్తే పోయిందని చెప్పారు. జుకర్‌బర్గ్ వాళ్ళకు క్షమాపణ చెప్పారు. ఆ లేఖ రాకపోతే "మా వ్యవస్థలు పట్టుకున్నాయి" అన్న మాటే చరిత్రలో నిలిచేది. దాన్ని కాదనడానికి బయటివాళ్ళెవరి దగ్గరా ఆధారం ఉండేది కాదు.

2018 ఆగస్టులో సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లయింగ్ ఖాతా సహా 20 మంది వ్యక్తులు, సంస్థలను ఫేస్‌బుక్ తొలగించింది. నవంబర్‌లో, తానే డబ్బిచ్చి బీఎస్‌ఆర్ అనే సంస్థతో చేయించిన మానవ హక్కుల అధ్యయనాన్ని విడుదల చేసింది. హింసను రెచ్చగొట్టడానికి తమ వేదిక వాడకుండా ఆపేందుకు తగినంత చేయలేదని అందులో ఒప్పుకుంది. విడుదల చేసింది అమెరికా మధ్యంతర ఎన్నికల ముందు రోజు. ఆ రోజు వార్తా సంస్థల దృష్టంతా ఎక్కడుంటుందో జర్నలిజం చదివే మీకు నేను చెప్పక్కర్లేదు.

తర్వాతి కథ ఇంకా బాధపెడుతుంది. తొలగించిన పోస్టులు జనానికి కనబడవు, కంపెనీ దగ్గర మాత్రం ఉంటాయి. నరమేధం కేసును అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్ళిన గాంబియా దేశం ఆ సమాచారం ఇప్పించమని 2020లో అమెరికా కోర్టును అడిగితే ఫేస్‌బుక్ అభ్యంతరం చెప్పింది. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో ఉన్న రోహింగ్యా యువత తమ పిల్లల చదువుల పథకానికి 10 లక్షల డాలర్లు ఇవ్వమంటే, తాము నేరుగా దాతృత్వ కార్యక్రమాలు చేయమని జవాబొచ్చింది. వాళ్ళు అడిగింది దానం కాదు, నష్టపరిహారం. 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు చెప్పేదీ అదే: హక్కులను కాపాడే బాధ్యత రాజ్యానిది, గౌరవించే బాధ్యత కంపెనీది, నష్టపోయినవాళ్ళకు పరిహారం దొరకాలి. చాలా కంపెనీలు తమ నివేదికల్లో ఈ సూత్రాలను ప్రస్తావిస్తాయి. మూడో భాగం దగ్గరకొచ్చేసరికి నోరు మెదపవు.

ఈ విమర్శల వేడిలోనే, ఫేస్‌బుక్ పోస్టుల మీద అప్పీళ్ళు వినే ఓవర్‌సైట్ బోర్డు పుట్టింది. 2018 చివర్లో జుకర్‌బర్గ్ ప్రకటించారు. 13 కోట్ల డాలర్లతో ట్రస్టు పెట్టారు. 2020 మేలో మొదటి 20 మంది సభ్యులను ప్రకటించారు. వారిలో డెన్మార్క్ మాజీ ప్రధాని ఉన్నారు, బెంగళూరు నేషనల్ లా స్కూల్ వైస్ చాన్సలర్ సుధీర్ కృష్ణస్వామి ఉన్నారు. ఫలానా పోస్టు ఉండాలా పోవాలా అని బోర్డు తేలిస్తే కంపెనీ పాటించి తీరాలి. విధానాల మీద ఇచ్చే సలహాలు మాత్రం పాటించినా పాటించకపోయినా కంపెనీ ఇష్టం.

ఈ బోర్డు ఉత్త అలంకారం అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఒక కేసు చెప్తాను. మన దేశంలో ఒక పంజాబీ వినియోగదారు ఆర్‌ఎస్‌ఎస్‌ను, ప్రధానమంత్రిని విమర్శిస్తూ ఒక వీడియో పంచుకుంటే ఫేస్‌బుక్ తీసేసింది. ఆయన అప్పీలు చేసుకుంటే కోవిడ్ వల్ల చూసేవాళ్ళు తక్కువగా ఉన్నారన్నారు. కేసు బోర్డు ముందుకు ఎంపికయ్యాక తప్పు జరిగిందని కంపెనీ ఒప్పుకుని పోస్టును తిరిగి పెట్టింది. 2021 ఏప్రిల్‌లో బోర్డు తీర్పు ఇస్తూ, మన దేశంలో 3 కోట్ల మంది మాట్లాడే పంజాబీలో అసలు కంపెనీ నియమాలే లేవని ఎత్తిచూపింది. ఏ నియమం తప్పావో తన భాషలో చదువుకునే వీలు లేని మనిషిని ఆ నియమం కింద శిక్షించారన్నమాట. బోర్డు చెప్పబట్టి ఆ లోటు బయటపడింది.

మరి దాని బలహీనత ఎక్కడ తేలిందంటే, అదే ఏడాది సెప్టెంబర్‌లో. ఫేస్‌బుక్‌లో పనిచేసి బయటికొచ్చిన ఫ్రాన్సిస్ హాగెన్ ఇచ్చిన అంతర్గత పత్రాల ఆధారంగా వాల్ స్ట్రీట్ జర్నల్ వరుస కథనాలు వేసింది. ప్రముఖులకు మామూలు జనానికి లేని రక్షణ ఇచ్చే ఎక్స్‌చెక్ అనే ఏర్పాటు ఉందని, 2020 నాటికి అందులో 58 లక్షల మంది ఉన్నారని తెలిసింది. ట్రంప్ ఖాతాను ఫేస్‌బుక్ నిలిపేసిన కేసులో ప్రముఖులకు వేరే పద్ధతి ఉందా అని బోర్డు అడిగితే కంపెనీ సరిగా చెప్పలేదు. తర్వాత కూడా, అది కొద్దిపాటి నిర్ణయాలకే వర్తిస్తుందని చెప్పింది. పత్రిక బయటపెట్టాక బోర్డు తన నివేదికలో, కంపెనీ తమతో పూర్తిగా దాపరికం లేకుండా వ్యవహరించలేదని రాసుకోవాల్సి వచ్చింది.

కోట్ల డాలర్లతో, దేశదేశాల న్యాయ నిపుణులతో కట్టిన సంస్థకు తెలియని సంగతి, ఒక ఉద్యోగిని ఫోటోలు తీసి తెచ్చిన కాగితాల్లో ఉంది. సభ్యుల నిజాయితీలో లోపమేమీ లేదు. వాళ్ళకు అడిగే హక్కు ఉంది, తీసుకునే హక్కు లేదు. 2025 జనవరిలో మెటా (ఫేస్‌బుక్ కంపెనీ కొత్త పేరు) విద్వేష ప్రసంగం మీద నియమాలు సడలించింది, అమెరికాలో నిజ నిర్ధారణ సంస్థలతో ఒప్పందాలు ఆపేసింది. ఏప్రిల్‌లో బోర్డు, ఈ మార్పులు హడావుడిగా ప్రకటించారని, ముందు మానవ హక్కుల మీద ప్రభావాన్ని పరిశీలించారో లేదో బయటికి చెప్పలేదని ఎత్తిచూపింది. అప్పటికి మార్పులు అమల్లోకి వచ్చేశాయి.

"అయితే ప్రభుత్వానికి అప్పజెబుదాం" అంటారు చాలామంది. ఇది విన్నప్పుడల్లా నాకు టెన్షన్ పుడుతుంది. కంపెనీ నుంచి స్వతంత్రం అయితే చాలదు, ప్రభుత్వం నుంచి కూడా స్వతంత్రం కావాలి. హక్కుల మీద దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది, చాలాసార్లు ఇద్దరూ కలిసే వేస్తారు.

మన దగ్గర ఏం కట్టుకున్నామో చూడండి. సోషల్ మీడియా నిర్ణయాల మీద అప్పీళ్ళు వినడానికి 2023 జనవరిలో మూడు కమిటీలు వేశారు. మూడింటికీ అధ్యక్షులు కేంద్ర ప్రభుత్వ అధికారులే. వ్యక్తిగత డేటా రక్షణకు 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలో, నియంత్రణ సంస్థ సభ్యులను ఎంపిక చేసే కమిటీకి భారత ప్రధాన న్యాయమూర్తి లేదా ఆయన సూచించిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి అధ్యక్షులు. 2023లో చట్టమై వచ్చేసరికి డేటా ప్రొటెక్షన్ బోర్డు నియామకాలన్నీ కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్ళాయి. ప్రభుత్వ సంస్థలకు ఆ చట్టం నుంచే మినహాయింపు ఇచ్చుకునే సెక్షనూ ఉంది. ప్రభుత్వం గురించి ఏది నిజమో ప్రభుత్వమే తేల్చే ఫ్యాక్ట్ చెక్ యూనిట్ ఒకటి పెట్టబోతే, 2024 సెప్టెంబర్‌లో బాంబే హైకోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. కోర్టు అడ్డుపడబట్టి ఆగింది.

కోర్టులు కూడా ఒక్కోసారి గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ఇజ్రాయెల్ కంపెనీ ఎన్‌ఎస్‌ఓ తయారుచేసిన పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌తో మన పాత్రికేయుల, కార్యకర్తల ఫోన్లలోకి చొరబడ్డారన్న ఆరోపణల మీద, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి.రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు నిపుణుల కమిటీ వేసింది. జాతీయ భద్రత అన్న మాట ఎత్తినంత మాత్రాన ప్రభుత్వాన్ని ఊరికే వదిలేయలేమని ఆ ఉత్తర్వులో గట్టిగా చెప్పింది. కమిటీ 29 ఫోన్లు పరీక్షించి 5 ఫోన్లలో ఏదో మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) ఉందంది, అది పెగాససే అని తేల్చలేకపోయింది. కేంద్ర ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో జస్టిస్ రమణే కోర్టులో చదివి వినిపించారు. పూర్తి నివేదిక జనం ముందుకు రాలేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. సమగ్ర వేదిక గురించి తెలంగాణ వాళ్ళు కొందరైనా విని ఉంటారు. రకరకాల ప్రభుత్వ శాఖల దగ్గరున్న వివరాలను కలిపి, ఈ ఇంటికి కారుంది, ఈయనకు ఆస్తుంది అని జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్ ఏర్పాటు. పేర్లను, చిరునామాలను పోల్చి ఇద్దరూ ఒకరేనా అని తేల్చే కీలకమైన భాగం హైదరాబాద్‌లోని పొసిడెక్స్ అనే ప్రైవేటు కంపెనీది. 2024 జనవరిలో అల్ జజీరా వేసిన పరిశోధన కథనం ప్రకారం, 2014 నుంచి 2019 వరకు తెలంగాణలో 18.6 లక్షల ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి, 1,42,086 కొత్త దరఖాస్తులు తిరస్కరించారు. నోటీసు లేదు. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించాక అధికారులు ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ పరిశీలించారు. 2022 జూలై నాటికి చూసిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 మంది అర్హులని తేలింది.

ఆ 15,471 వెనక ఏముందో ఊహించుకోండి. రిక్షా తొక్కి బతికిన మనిషి పేరు, కారున్న మరొకరి పేరు దగ్గర దగ్గరగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఇద్దరినీ ఒకటి చేసింది. అంతే, ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి. కారు నాది కాదని నిరూపించే భారం తిండికి లేని కుటుంబం మీద పడింది. ఆఫీసులో అడిగితే "సిస్టమ్‌లో అలా చూపిస్తోందమ్మా" అంటారు. ఆ గుమాస్తాకు కూడా అంతకుమించి తెలియదు, తెలుసుకునే దారీ లేదు. సమాచార హక్కు కింద, ఆ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో చూపే సోర్స్ కోడ్ అడిగితే దాని మీద హక్కులు కంపెనీవని ఇవ్వలేదు. ప్రజల డబ్బుతో, ప్రజల వివరాలతో, ప్రజల తిండి గురించి నిర్ణయం జరుగుతుంది. ఎలా జరిగిందో మాత్రం వ్యాపార రహస్యం. దీన్ని మనం ఒప్పుకోకూడదు.

యూరప్ వాళ్ళు కొంత దూరం వెళ్ళారు. డిజిటల్ సర్వీసెస్ చట్టం కింద అక్కడ నాలుగున్నర కోట్లకు పైగా వాడుకదారులున్న వేదికలు ఏటా తమవల్ల వచ్చే ప్రమాదాలను అంచనా వేయాలి, బయటి ఆడిటర్లతో ఆడిట్ చేయించాలి, అర్హులైన పరిశోధకులకు డేటా ఇవ్వాలి. లేకపోతే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 6 శాతం దాకా జరిమానా. 2025 డిసెంబర్‌లో ఎక్స్ (పాత ట్విట్టర్) కంపెనీకి 12 కోట్ల యూరోల జరిమానా పడింది, కారణాల్లో పరిశోధకులకు డేటా అందనివ్వకపోవడం ఒకటి. ఆడిటర్‌కు ఫీజు కట్టేది కంపెనీయే అన్న లోపం అక్కడా ఉంది. అయినా పరిశోధకుడు దయ కోసం కాక హక్కుగా అడగగలగడం పెద్ద తేడా. మన విషయానికొస్తే, భారతదేశం మీద మెటా చేయించిన మానవ హక్కుల అధ్యయనం నుంచి 2022లో మనకు దక్కింది కొద్ది పేజీల సారాంశం. మన గురించి రాసిన నివేదిక మనకే పూర్తిగా చూపించలేదు.

ఇంకో మాట. రాయిటర్స్ 2019 మేలో రాసింది: హైదరాబాద్‌లో విప్రో ద్వారా 260 మంది దాకా కాంట్రాక్టు ఉద్యోగులు ఫేస్‌బుక్ పోస్టులను, ఫోటోలను చూసి వర్గాలుగా గుర్తుపెట్టే పని చేశారని. వాటిలో జనం తమవాళ్ళకే అని పెట్టుకున్నవీ ఉన్నాయి. ఆ సంగతి చెప్పిన ఉద్యోగులు పేర్లు రాయొద్దన్నారు. రేపు మీ తమ్ముడో చెల్లెలో మాదాపూర్‌లో అలాంటి ఉద్యోగంలో చేరి లోపల అన్యాయం కనబడితే, చెప్పుకోవడానికి చట్టం ఇచ్చే అండ ఏమిటి? తప్పు బయటపెట్టేవాళ్ళను కాపాడే 2014 నాటి విజిల్ బ్లోయర్స్ చట్టం ప్రభుత్వోద్యోగుల అవినీతికి సంబంధించినది, అది కూడా అమల్లోకి రాలేదు. ప్రైవేటు టెక్ కంపెనీలో పనిచేసేవాళ్ళకు రక్షణ దాదాపు లేదు. హాగెన్‌కు అమెరికాలో ఉన్నంత అండ కూడా ఇక్కడి ఉద్యోగికి లేదు. లా చదివేవాళ్ళు దయచేసి దీని మీద పనిచేయండి.

ప్రశ్న: కంపెనీ లోపలికి వెళ్ళే అధికారం ఎవరికిచ్చినా, ప్రభుత్వం దాన్ని పట్టుకుని సెన్సార్ చేయదా?

చేస్తుంది, అవకాశం ఇస్తే. అందుకే తనిఖీ చేసేవాళ్ళకు పోస్టులు తీసేయించే అధికారం ఉండకూడదు. వాళ్ళు చూడాల్సింది పద్ధతిని. తెలుగులో వచ్చిన ఫిర్యాదును తెలుగు తెలిసినవాళ్ళు చూస్తున్నారా, ఎన్ని రోజులకు చూస్తున్నారు, తప్పుగా తీసేసినవి ఎన్ని, ప్రభుత్వం నుంచి వచ్చిన తొలగింపు ఆదేశాలు ఎన్ని, వాటిలో ఎన్నిటిని ప్రశ్నించారు. ఆ చివరి లెక్క బయటపడితే ప్రభుత్వానికే ఇబ్బంది. అందుకని నియామకం ప్రభుత్వం చేతిలో ఉండకూడదు, నిధులు కంపెనీ చేతి నుంచి నేరుగా రాకూడదు. చందా చట్టప్రకారం వసూలు చేసి, బడ్జెట్ చట్టసభ ముందు పెట్టొచ్చు.

ప్రశ్న: ఇవన్నీ పెద్ద స్థాయి మాటలు. మా మండలంలో ఒకరి పెన్షన్ "సిస్టమ్"లో ఆగిపోతే మేం ఏం చేయాలి?

సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 4(1)(డి) ఉంది. నిర్ణయం వల్ల ప్రభావితులైనవాళ్ళకు దాని కారణాలు చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వ కార్యాలయానిదే. ముందు ఆ కారణం రాతపూర్వకంగా అడగండి. "సిస్టమ్" అన్నది కారణం కాదు. రెండో దరఖాస్తులో కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందం నకలు అడగండి: ఎన్ని తప్పులు వస్తున్నాయో కొలిచారా, ఎవరు కొలిచారు, ఆడిట్ షరతు ఉందా అని. మనుషుల పేర్లు అడగొద్దు, లెక్కలు అడగండి. డేటా చట్టం వచ్చాక వ్యక్తిగత సమాచారం పేరుతో తిప్పి పంపడం తేలికైంది. వ్యాపార రహస్యమని సెక్షన్ 8(1)(డి) చూపిస్తే, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అదే సెక్షన్‌లో ఉందని రాసి, 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. అప్పీలుతో పాటు ఆ ఇంటికి వెళ్ళి చూసి రమ్మని తహసీల్దారుకు విడిగా అర్జీ పెట్టండి. 2022లో ఆ పదిహేను వేల మంది అర్హులని తేలింది మనిషి ఇంటికి వెళ్ళి చూసినందుకే.